లాకెట్టు మచ్చ

ఫ్రెంచి భాషలో 'బ్రెలోక్' అంటే గొలుసుకి వేలాడే చిన్న లాకెట్టు. జర్మన్‌లో దాన్నే 'బెర్లాక్' అంటారు. ఆ నగ పేరు పెట్టుకున్న చర్మపు జబ్బు ఒకటి ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళ సీజన్ నడుస్తోంది కదా, ఆడపిల్లల మెడ మీద మచ్చ కనబడగానే "వేడి చేసింది", "దిష్టి తగిలింది" అనే మాటలు వింటూనే ఉన్నాను. అందుకని ఈ లాకెట్టు సంగతి పట్టుకుని కాస్త వెనక్కి వెళ్ళి చదివాను. చదువుతుంటే మన పెరట్లోకే వచ్చి చేరింది.

1916లో ఫ్రాయిండ్ అనే వైద్యుడు ఒక విషయం గమనించాడు. ఓడికొలోన్ రాసుకుని ఎండలోకి వెళ్ళినవాళ్ళకి, అది తగిలిన చోట గోధుమరంగు మచ్చలు పడుతున్నాయి. చెవి వెనక నుంచి మెడ మీదకి సెంటు ఎలా జారిందో మచ్చ కూడా అదే దారిలో, కింద గుండ్రంగా, అచ్చం వేలాడే లాకెట్టులా ఉండేది. అందుకే 1920ల్లో రోజెంతాల్ అనే ఇంకో వైద్యుడు దానికి ఆ నగ పేరు పెట్టాడు. అసలు దోషి సెంటులో ఉండే బెర్గమాట్ నూనె. బెర్గమాట్ అంటే ఇటలీ దక్షిణాన పండే ఒక పుల్లటి కాయ, మన నిమ్మకీ దబ్బకీ చుట్టం. దాని తొక్క నూనెలో ఉండే ఒక పదార్థం చీకట్లో ఊరుకుంటుంది, ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. మచ్చ పోవడానికి నెలలు పడుతుంది.

మరి అంతకు ముందు వందల ఏళ్ళుగా సెంట్లు వాడుతున్నారు కదా, అప్పుడెందుకు ఎవరికీ పట్టలేదు? నాకు తోచిన కారణం ఒకటే, అప్పట్లో సెంటు రాసుకునే స్తోమత ఉన్న దొరసానులు ఎండలోకి వచ్చేవారు కాదు. టోపీలు, గొడుగులు, చేతులకి తొడుగులు. నల్లబడిన ఒళ్ళు పొలం పని చేసేవాళ్ళ గుర్తు. ఆ విషయంలో వాళ్ళకీ మనకీ తేడా ఏమీ లేదు!

అది తిరగబడింది మందు వల్ల. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ ముఖాన్ని తినేసే చర్మపు క్షయని కాంతితో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లేజాన్ అనే కొండ ఊళ్ళో రోలియే అనే డాక్టరు సూర్యకాంతితో క్షయ వైద్యం చేసే ఆసుపత్రి పెట్టాడు. ఆయన పద్ధతి నాకు భలే నచ్చింది. మొదటి రోజు పాదాలకి మాత్రమే కొద్ది నిమిషాలు ఎండ, తర్వాత రోజు రోజుకీ కొంచెం పైకి, కొంచెం ఎక్కువసేపు. అంత లెక్క. కానీ ఎండ మంచిదన్న మాట బయటికి పాకాక లెక్క ఎవరు చూస్తారు? 1920లకి సముద్రం ఒడ్డున పడుకుని ఒళ్ళు రంగు తేల్చుకోవడం డబ్బున్నవాళ్ళ ఫ్యాషన్ అయింది. ఎండలో తిరిగి వచ్చిన కోకో షనెల్‌ని చూసి అందరూ మొదలెట్టారని కథగా చెబుతారు. సెంటూ ఎండా ఒకే మెడ మీద కలిశాయి, లాకెట్టు మచ్చ పుట్టింది.

ఇప్పటికీ అక్కడ పెళ్ళికూతుళ్ళు పెళ్ళికి ముందు రంగు తేలడానికి ఎండలోనో, లైట్ల పెట్టెల్లోనో పడుకుంటారు. గొలుసు, గడియారం పెట్టుకుని పడుకుంటే వాటి కింద తెల్లటి గీత మిగిలిపోతుందని అన్నీ తీసేస్తారు. ఆ లైట్ల పెట్టెలు క్యాన్సర్ తెచ్చేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో పొగాకు ఉన్న జాబితాలోనే వాటినీ చేర్చింది. మనవాళ్ళు నల్లబడకూడదని, వాళ్ళు నల్లబడాలని. పెళ్ళి పేరు చెప్పి రెండు వైపులా బాధ పడేది మాత్రం ఆడపిల్ల చర్మమే.

ఇక మన పెరటి సంగతి. నలుగుపిండిలో నిమ్మరసం పిండి పూయడం చాలా ఇళ్ళల్లో చూశాను, "ఎండకి కమిలిన నలుపు విరుస్తుంది" అంటారు. శనగపిండి, పెసరపిండి, నువ్వులనూనెతో నాకు పేచీ లేదు. నిమ్మకాయతోనే. బెర్గమాట్‌లో ఉన్న కుటుంబపు పదార్థాలే నిమ్మజాతి తొక్కల్లోనూ ఉంటాయి. నిమ్మరసం సరిగ్గా కడుక్కోకుండా బట్టల షాపింగ్‌కో, శుభలేఖలు పంచడానికో మిట్టమధ్యాహ్నం బయల్దేరితే కమలడం, పొక్కడం, తర్వాత నల్ల మచ్చ. పైగా అది వెంటనే కనబడదు, ఒకటి రెండు రోజులకి తేలుతుంది. అందుకే నిమ్మకాయ మీద ఎవరికీ అనుమానం రాదు, నేరం నిన్న తిన్న మామిడిపండు మీదకి పోతుంది.

ఇదే గుణాన్ని మందుగా వాడింది కూడా మనమే. బావంచాలు తెలుసు కదా, పచారీ కొట్లో అడిగితే ఇచ్చే నల్లటి చిన్న గింజలు. బొల్లి మచ్చ మీద బావంచాల ముద్ద రాసి ఎండ చూపించడం ఆయుర్వేదంలో చాలా పాతది. ఈజిప్టులో నైలు ఒడ్డున పెరిగే వేరే మొక్కతో ఇలాంటి వైద్యమే ఉండేది. 1933లో మన దేశపు రసాయన శాస్త్రవేత్తలే బావంచాల నుంచి అసలు పదార్థాన్ని వేరు చేశారు. ఆ మొక్క శాస్త్రీయనామం సొరాలియా గనక దాని పేరు సొరాలెన్. 1940ల్లో కైరోలో ఎల్ మోఫ్టీ అనే వైద్యుడు ఈజిప్టు మొక్క నుంచి తీసిన మందుతో బొల్లికి వైద్యం చేశాడు. 1974లో అమెరికాలో సొరాలెన్ మింగించి, కొలిచిన అతినీలలోహిత కాంతి చూపించి సోరియాసిస్‌ని అదుపు చేశారు. లాకెట్టు మచ్చకి కారణమైనదీ, బొల్లికి మందైనదీ ఒకే ఇంటి పిల్లలు. తేడా అంతా కొలతలో ఉంది.

కొలత లేకపోతే ఏమవుతుందో మా చిన్నమ్మమ్మ కథ చెబుతుంది. ఆవిడకి పెళ్ళి కుదిరే వయసులో కుడి జబ్బ మీద రూపాయంత తెల్ల మచ్చ వచ్చిందిట. ముహూర్తం లోపల పోవాలని పెద్దవాళ్ళు బావంచాలు నూరి పట్టించి రోజూ డాబా మీద ఎండలో కూర్చోబెట్టేవారుట, ఎంతసేపు అన్న లెక్క లేకుండా. బొబ్బలెక్కి, చీము పట్టి జ్వరం వచ్చేదాకా సాగింది. ఆఖరికి ఆ మచ్చ కనబడకుండా బిగుతుగా ఒక వంకీ చేయించి తొడిగారు. పెళ్ళి అయింది. తర్వాత పదేళ్ళు ఆవిడ నిద్దట్లో కూడా వంకీ తియ్యలేదని మా అమ్మమ్మ చెప్పేది. ఎక్కడ ఒరుసుకుందో అక్కడే మచ్చ కంకణంలా పెరిగిందని కూడా.

ఆ చివరి మాట అమ్మమ్మ ఊహేమో అనుకునేదాన్ని. కాదు. హైన్‌రిక్ కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు 1870ల్లోనే ఇది చెప్పాడు. ఆయన దగ్గరికి వచ్చిన ఒక సోరియాసిస్ మనిషికి గుర్రం కరిచిన చోటా, పచ్చబొట్టు పొడిచిన గీతల వెంటా కొత్తగా పొలుసులు లేచాయి. గాయమో, ఒరుపో తగిలిన చోట జబ్బు కొత్తగా మొలవడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. సోరియాసిస్‌కీ, బొల్లికీ కూడా ఆ గుణం ఉంది. లంగా బొందు ఒరుసుకునే నడుమూ, బిగుతు గాజుల మణికట్టూ, వడ్డాణం కిందా మచ్చలు రావడం ఇందుకే. దాచడానికి పెట్టిన నగే మచ్చని పెంచింది. ఆ పదేళ్ళూ ఆవిడ అది తన పాపఫలం అనుకుంది. నాకు దీనంత కోపం తెప్పించిన విషయం ఈ చదువులో ఇంకోటి లేదు.

స్టిక్కర్ బొట్టు గురించి ఒక్క ముక్క. కుంకుమ పోయి జిగురు బొట్లు వచ్చాక కొందరికి నుదుటి మధ్య అదే సైజులో తెల్ల మచ్చ పడింది. కొన్ని జిగురుల్లో ఉండే ఒక ఫినాల్ రసాయనం రంగునిచ్చే కణాలని చంపుతుంది. పెళ్ళికి ముందు తెల్లబడాలని కొనే క్రీముల్లో స్టెరాయిడ్లు కలిపినవి ఇంకా చెడ్డవి, చర్మాన్ని పలచన చేసి ఎండకి అసలే ఆగకుండా చేస్తాయి. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన పెట్టింది. అయినా బ్యూటీపార్లర్ డబ్బాల్లో కనబడుతూనే ఉన్నాయి.

నగలతో వచ్చే దురదకి ఇంకో కారణం నికెల్. 19వ శతాబ్దం చివర నికెల్ పూత పూసే కార్మికుల చేతులకి మొదట పట్టుకుంది. 1950ల్లో యూరప్ ఆడవాళ్ళకి మేజోళ్ళ కొక్కేలు తగిలే తొడల మీద, 1970ల్లో జీన్స్ గుండీ కింద బొడ్డు దగ్గర, ఆ తర్వాత చవక కమ్మలతో చెవులకీ వచ్చింది. 1990 ప్రాంతంలో డెన్మార్క్, 1994లో యూరోపియన్ యూనియన్ ఒంటికి తగిలే వస్తువుల నుంచి ఎంత నికెల్ దిగవచ్చో హద్దు పెట్టాయి. ఆ హద్దు వచ్చాక చెవులు కుట్టించుకున్న డేనిష్ ఆడపిల్లల్లో ఈ ఎలర్జీ తగ్గింది కూడా.

మన ఆడవాళ్ళు పూత నగల వైపు ఊరికే వెళ్ళలేదు. 1963లో మొరార్జీ దేశాయ్ కొత్త నగలు 14 క్యారెట్లు మించకూడదన్నప్పుడు కంసాలి ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోయిందని మా నాన్న అనేవారు. 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా ఉంది. ధర మాత్రం ఎవరి నియంత్రణలోనూ లేదు. బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసు, తర్వాత వన్‌గ్రామ్ గోల్డ్ మధ్యతరగతి పెళ్ళి పరువు కాపాడాయి, వాటిని నేను తక్కువ చెయ్యను. కానీ చవక పూత నగల్లో చాలావాటికి బంగారం కింద నికెల్ పొర ఉంటుంది. హోమగుండం పక్కన, పట్టుచీరలో మూడు గంటలు కూర్చున్న పిల్లకి కారే చెమట ఉప్పు పూత అరిగిన చోట దాన్ని కరిగిస్తుంది. హారం ఆకారంలోనే దద్దుర్లు లేస్తాయి.

ఒకసారి పట్టుకున్న నికెల్ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందుకే సెట్టు కొన్నాక పెళ్ళికి నెల ముందే ఇంట్లో రెండు మూడు పూటలు పెట్టుకుని చూడమంటాను. మా ఆడపడుచు కూతురికి జూకాలు అలా పెట్టి చూస్తే రెండో రోజుకే చెవులు ఎర్రబడి రసి కారాయి. జూకాలు మార్చలేదు. మా వీధి కంసాలి కాడలు మాత్రం కోసేసి, పిల్ల చెవులు కుట్టినప్పటి పాత బంగారు తీగ కరిగించి కొత్తవి అతికాడు. అరగ్రాము పట్టింది.