చెరిపినను చెరగని చిత్రములు



వ్రాయుట యెంత ప్రాచీనమో చెరుపుటయు నించుమించుగా నంత ప్రాచీనము. తాటియాకుపై గంటముతో గీచిన యక్షరము తుడిచిన పోదు. లేఖకుడు తప్పిన చోటును కొట్టివేసి సరియైన యక్షరమును వేఱుగా వ్రాసెడివాడు. పలకపై వ్రాతయో, తడిగుడ్డ తగిలినంతనే మాయమగును. రెండింటను, చెరిగినదో లేదో కంటికి తెలియును. నేటి ఫోనులలోని ఛాయాచిత్రములట్లు గావు. అవి కంటికి మఱుగైనను లోపల నిలిచి యుండవచ్చును. ఈ విచిత్రమెట్లు కలిగెనో, దానివలన గృహస్థులకు తెలియవలసినదేమో మనవి చేసెదను.

ఛాయాచిత్రమును అంకెలుగా మార్చి కంప్యూటరున కెక్కించు పని 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థలో జరిగెను. రస్సెల్ కిర్ష్ అను నాయన తన పసికుమారుని చిత్రమును అడ్డముగా 176, నిలువుగా 176 చుక్కలుగా విభజించి చూపెను. 1975లో కొడాక్ కంపెనీయందు స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమెరాను నిర్మించెను. అందలి బొమ్మకు పదివేల చుక్కలు మాత్రమే. దానిని క్యాసెట్టు టేపున కెక్కించుటకు 23 సెకనులు పట్టెడిది. బొమ్మను నిలుపుటయే గగనమైన ఆ దినములలో చెరుపుటను గూర్చిన చింత యెవరికిని లేకుండెను.

కంప్యూటరు ఒకదానిని తొలగించు తీరు పూర్వపు కరణముగారి లెక్కల వంటిది. కరణము అడంగలులో నొకని పేరు కొట్టివేసినంత మాత్రమున పొలము మాయము కాదు. వేఱొకడు వచ్చి దున్నువఱకు పాత పైరు మోళ్లు అందే యుండును. 1980 ప్రాంతపు డాస్ పద్ధతిలో, తొలగించిన దాని పేరున మొదటి యక్షరమును మార్చి, ఆ చోటు ఖాళీయని పట్టికలో గుర్తు పెట్టుట మాత్రమే జరిగెడిది. లోపలి విషయము, దానిపై మఱియొకటి వ్రాయబడువఱకు చెక్కుచెదరదు. ఈ కిటుకు నాధారము చేసికొని పీటర్ నార్టన్ 1982లో, పోయినదానిని తిరిగి తెచ్చు సాధనమును అమ్మకమునకు పెట్టెను.

1983లో ఆపిల్ కంపెనీవారు లీసా యను కంప్యూటరు తెరపై చెత్తబుట్ట బొమ్మను నిలిపిరి. 1995లో విండోస్ నందును అట్టి బుట్టయే వచ్చెను. పారవేయుట యొక పని, నశింపజేయుట వేఱొక పని యని నాటినుండి సామాన్యులకును తెలిసినది.

ఛాయాచిత్రములను క్రమపఱచు సాధనములు వచ్చిన పిమ్మట మఱియొక చిక్కు కలిగెను. 2004లో గూగుల్ సంస్థ కొనిన పికాసా యందు, ఆల్బమునుండి తీసివేయుట వేఱు, డిస్కునుండి తొలగించుట వేఱు. ఆల్బమనునది పేర్ల జాబితా వంటిది. పెండ్లి పిలుపుల జాబితాలో నొకని పేరు కొట్టివేసిన నాతడు ఊరు విడిచిపోవునా? 2014లో ఐఫోనులందు, తొలగించిన చిత్రములను 30 దినములు దాచు ప్రత్యేకపు టర ఏర్పడెను. 2015లో వెలసిన గూగుల్ ఫొటోస్ బుట్టలో, ఆ సంస్థ యంత్రములకు చేరిన చిత్రములు 60 దినములు, ఫోనునందు మాత్రమే యున్నవి 30 దినములు నిలుచును. గడువు తీరక మునుపే పోవలయునన్నచో, ఆ బుట్టను తెరచి శాశ్వతముగా తొలగింపుమని మరల నాజ్ఞాపింపవలయును.

ఈ గడువు మేలే. మా యూర నొక వృద్ధుని మనుమడు, ఫోనులో చోటు చాలక, గతించిన యవ్వగారి చిత్రమును తెలియక తొలగించెను. నెల తిరుగకమునుపే బుట్టలో వెదకగా నది దొరికెను. ఆ ముసలివానికి పోయిన ప్రాణము తిరిగి వచ్చినట్లయ్యెను.

ఐనను, పోగూడనిది పోవుట యెంత నష్టమో, పోవలసినది పోకుండుట యంత యపాయము. 2024 మే నెలలో ఐఫోనులకు 17.5 అను క్రొత్త కూర్పు రాగా, ఎన్నడో తొలగించిన చిత్రములు కొందఱి ఫోనులలో మరల గానవచ్చెను. చిత్రముల పట్టిక చెడుటచే నిట్లు జరిగెనని ఆపిల్ సంస్థ తెలిపి, ఆ నెలలోనే 17.5.1 కూర్పుతో సరిచేసెను.

మన యిండ్ల సంగతి కొకటి చెప్పెదను. పూర్వము సంబంధము కుదరనిచో, మగపెండ్లివారు పిల్ల జాతకమును, ఛాయాచిత్రమును మర్యాదగా త్రిప్పి పంపెడివారు. నేడు చిత్రము ఫోనులో వచ్చును. దానిని త్రిప్పి పంపిన నేమి ఫలము? మొదటి ప్రతి యక్కడనే యుండును. కావున మన పెద్దల మర్యాద నిలువవలెనన్నచో, దానిని నిజముగా నశింపజేయవలయును. వాట్సాప్ సంభాషణలో నొక ప్రతి, ఫోను చిత్రశాలలో నొక ప్రతి, దూరపు యంత్రములలో నొక ప్రతి యుండవచ్చును. ఇంటిల్లిపాది ఫోనులకును అది ప్రాకి యుండవచ్చును. అన్నింటను తీసి, పిదప బుట్టలను ఖాళీ చేసిననే పిల్లతండ్రి కిచ్చిన మాట నెరవేరును.

పాత ఫోనును అమ్మువారును జాగ్రత్తపడవలయును. ఇప్పటి ఫోనులు పెక్కు చిత్రములను గూఢలిపిలో దాచును. ముందు కావలసినవి వేఱొకచోట భద్రపఱచుకొని, ఫోనును తొలినాటి స్థితికి మార్చినచో ఆ లిపిని విప్పు తాళపుచెవి నశించును. అపుడు పెట్టె యున్నను తెరచువాడు లేడు.

తన వివరములను చెరిపింపుమని కోరు హక్కును ఐరోపాలో 2018 మే 25 నుండి అమలైన శాసనము గుర్తించినది; మన దేశమున 2023 నాటి వివరముల రక్షణ చట్టమునందును అట్టి హక్కు చేర్చబడెను. అయితే చట్టము సంస్థలను శాసింపగలదు గాని, చుట్టము ఫోనులో నేమున్నదో చూడజాలదు. ఆ పని మన మర్యాదదే. కావున శ్రోతలారా, ఉంచదగినది రెండు చోట్ల నుంచుడు. ఉంచరానిది ఒక్కచోటను మిగులనీయకుడు.