నిప్పురవ్వకు వేళ

నిప్పు పుట్టించుట యొక విద్య. వేళకు బుట్టించుట వేఱొక విద్య. ఈ రెండవ విద్య నెఱుగక పూర్వము మోటారుబండ్లను నడపినవారు చేతు లెట్లు విఱుగగొట్టుకొనిరో వినుడు.

1908వ సంవత్సరమున అమెరికాలో హెన్రీ ఫోర్డుగారి ‘మోడల్ టీ’ బండి వెలువడెను. 1927 వఱకు కోటి యేబది లక్షలకు పైగా తయారయ్యెను. స్టీరింగు చక్రము క్రింద ఎడమవైపున దానికొక మీట యుండెడిది. సిలిండరులోని పెట్రోలు ఆవిరికి రవ్వ యెప్పుడు తగులవలెనో ఆ మీటయే నిర్ణయించెడిది.

ఆవిరి మండుటకు గొంత వ్యవధి పట్టును. కావున ఇంజను వేగముగా దిరుగునప్పుడు పిస్టను పైకొన చేరుటకు ముందే రవ్వ పడవలెను. పదును దప్పిన విత్తువలె, ఆలస్యమైన రవ్వ బలమును వ్యర్థము చేయును. కాని ముందరి కడ్డీని చేతితో ద్రిప్పి ఇంజనును బయలుదేర్చునప్పుడు, పిస్టను పైకొన దాటిన పిమ్మటనే రవ్వ పడవలెను. మీటను పైకి నెట్టుట మఱచినచో, మంట పిస్టనును వెనుకకు దన్నును. కడ్డీ యెదురుతిరిగి మణికట్టు నెముకను విఱుచును. వైద్యశాస్త్రమున దానికి ‘షోఫరు విఱుపు’ అను పేరు నేటికిని గలదు. షోఫరనగా బండి నడపువాడు.

1912 నాటి కాడిలాక్ బండ్లకు చార్లెస్ కెట్టరింగుగారి విద్యుత్ స్టార్టరు అమరెను. మోడల్ టీకి 1919 మొదలుకొని లభించెను. పిమ్మట రవ్వను ముందువెనుకలు చేయు పని డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులకు, నేడు కంప్యూటరునకు సంక్రమించినది. అంతవఱకు నడపువాని యెముకలకు రక్ష వాని జ్ఞాపకశక్తియే.