జీపు స్టీరింగు తేలికైన కథ



నేను 1976లో నీటిపారుదల శాఖలో జీపు డ్రైవరుగా చేరి, 2012లో రిటైరయ్యాను. కాలువ గట్ల మీద, బురదలో జీపును మళ్ళించాలంటే మాకు రెక్కల బలమే ఆధారం.

మన దేశంలో విల్లీస్ జీపుల బిగింపు 1947లో బొంబాయిలో మొదలైంది. పవర్ స్టీరింగు అంతకు ముందుదే. అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలోనే దాన్ని తయారుచేశారు. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో అది అమ్మకానికి వచ్చింది. మేము నడిపిన జీపుల దాకా మాత్రం రాలేదు.

వేలంలో కొనుక్కున్న పాత జీపు ఒకటి నా దగ్గరుంది. నా కుడి భుజం పట్టేశాక, "ఇక అమ్మేద్దాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. మనసొప్పలేదు. మెకానిక్ చేత పవర్ స్టీరింగు పెట్టించాను. ఇంజను బెల్టుతో తిరిగే పంపు ఆయిలును ఒత్తిడితో స్టీరింగు బాక్సుకు పంపుతుంది. ఆ ఒత్తిడే చక్రాలు తిప్పడానికి తోడ్పడుతుంది. బాక్సు బిగించేచోట ఛాసిస్ పగలకుండా ఇనుప పట్టీ వెల్డింగు చేయించాం. ఇంజను ఆగితే సాయమూ ఆగుతుంది. బరువు మళ్ళీ చేతులదే.

మొదటిరోజు మా ఆవిడను ఎక్కించుకుని కాలువ గట్టుకు వెళ్ళాను. స్టీరింగు ఇట్టే తిరిగింది. సంతోషంతోపాటు చిన్న బాధా కలిగింది. ఈ సదుపాయం చూడకుండానే రెక్కలు ముక్కలు చేసుకుని వెళ్ళిపోయిన మన డ్రైవరు సోదరులు గుర్తొచ్చారు. ఈ నాలుగు మాటలూ వారికే అంకితం.