ఇసుర్రాయి చుట్టూ అల్లా పేరు

హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పడమటికి పోయే రహదారిని జనం ఇప్పటికీ బీజాపూర్ రోడ్డనే అంటారు. దారి పొడవునా ఊడలు దిగిన మర్రిచెట్లు. మన్నెగూడ, పరిగి, కొడంగల్ దాటితే కన్నడ సీమ. ఆ దిక్కునే గుల్బర్గా, ఇంకా ముందుకు పోతే బీజాపూర్. దక్కన్ సూఫీల కథ ఎవరు చెప్పినా ఈ రెండు ఊళ్లను తలవక తప్పదు. దర్గాల గురించి, ఉర్సుల గురించి, ఖవ్వాలీల గురించి మనవాళ్లు చాలానే రాశారు. వాటికి మూలమైన సాధన మీద మాత్రం పెద్దగా ఎవరి కన్నూ పడదు. అదే జిక్ర్. అల్లా నామాన్ని నాలుకతోనో, ఊపిరితోనో, మనసులోనో మళ్లీ మళ్లీ తలచుకోవడం.

దైవానికి 99 పేర్లున్నాయని, వాటిని నిలుపుకొన్నవారికి స్వర్గం ఖాయమని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండూ చెబుతాయి. ఆ పేర్ల వరుస తిర్మిజీ సంకలనంలో దొరుకుతుంది. ఏ అవసరానికి ఆ పేరు: బతుకుతెరువుకు యా రజ్జాక్, ఓర్పుకు యా సబూర్, బలానికి యా ఖవీ. పీరుసాబు, అంటే సూఫీ గురువు, చెప్పిన పేరును చెప్పినన్ని సార్లు చదవడాన్ని వజీఫా అంటారు. లెక్క తప్పకుండా చేతిలో తస్బీహ్ దండ తిరుగుతూ ఉంటుంది. లెక్క అంటే మొయినాబాద్ మండలం వారికి వింతేమీ కాదు. వాళ్ల చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కు తీరినవాళ్లు చీటీ మీద గుర్తులు పెట్టుకుంటూ 108 ప్రదక్షిణలు చేస్తారు.

నామస్మరణను శక్తితో ముడిపెట్టే పాత కథల్లో ఒకటి తిరగలి దగ్గర మొదలవుతుంది. ప్రవక్త కూతురు ఫాతిమా ఇంట్లో పనిమనిషి లేదు. తిరగలి తిప్పీ తిప్పీ ఆమె చేతులు కాయలు కాశాయి. తండ్రి దగ్గరకు యుద్ధఖైదీలు వచ్చారని విని, ఒకరిని పనికి అడుగుదామని వెళ్లింది. ఆయన ఇంట్లో లేరు. ఆయన భార్య ఆయెషాకు చెప్పి వచ్చేసింది. ఆ రాత్రి ఫాతిమా, ఆమె భర్త అలీ పడుకున్నాక ఆయనే వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నారు. మీరడిగినదాని కంటే మేలైనది చెబుతానని, నిద్రకు ముందు సుభానల్లా 33 సార్లు, అల్‌హమ్దులిల్లా 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు అనుకోమన్నారు. మొత్తం వంద. సిఫ్ఫీన్ యుద్ధపు రాత్రి కూడా దాన్ని విడిచిపెట్టలేదని అలీ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. సున్నీలు, షియాలు ఇద్దరూ పాటించే ‘తస్బీహె ఫాతిమా’ ఇదే, వరుసలో కొద్ది తేడా ఉన్నా.

అడిగింది పనిమనిషిని, దొరికింది మూడు మాటలు. ఈ కాలపు పాఠకురాలికి ఇది అన్యాయంగా తోస్తే తప్పు పట్టలేం. కాయలు కాసిన చేతులు మర్నాడు మళ్లీ తిరగలే పట్టాలి కదా. అయినా ఈ కథను వెయ్యేళ్లకు పైగా కాపాడుకున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ ఉంటారని నా ఊహ. పని ఎలాగూ తప్పనప్పుడు, పని చేస్తూ పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. దక్కన్‌లో జరిగింది చూస్తే ఆ ఊహ బలపడుతుంది.

గుల్బర్గాలో వెలసిన బందే నవాజ్ గేసూదరాజ్ 1321లో ఢిల్లీలో పుట్టారు. అక్కడ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ శిష్యుడు. 1398లో తైమూరు దండు ముంచుకొస్తుంటే ఢిల్లీ విడిచి దక్కనుకు వచ్చారు. 1422లో గుల్బర్గాలోనే కన్నుమూశారు. ఆయన చిష్తీ సిల్సిలాకు (గురుపరంపరకు) బీజాపూర్ శివారులోని షాపూర్ గుట్ట ఒక స్థావరమైంది. అక్కడ మీరాంజీ షమ్సుల్ ఉష్షాక్, ఆయన కొడుకు బుర్హానుద్దీన్ జానమ్, మనవడు అమీనుద్దీన్ ఆలా మూడు తరాల పాటు దక్ఖనీలో రాశారు. ఫార్సీ పండితుల కోసం రాసినవి కొన్ని, ఇంటి ఆడవాళ్ల కోసం పాటలు కొన్ని. విసిరేటప్పుడు పాడే చక్కీనామాలు, రాట్నం మీద పాడే చర్ఖానామాలు, జోలపాటల లోరీనామాలు ఈ కోవలోవే.

చక్కీనామాల్లో ఇసుర్రాయి పిడి నిటారుగా నిలబడిన అలిఫ్ అక్షరం, అంటే అల్లా. నడిమి ఇరుసు ముహమ్మదు. గింజలు పోస్తూ, రాయి తిప్పుతూ, తిరుగుడుకొక నామం. రాట్నపు పాటల్లో చక్రం తిరిగినట్టే జిక్ర్ కూడా ఆగకుండా సాగాలి. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో వెలువడిన బీజాపూర్ సూఫీల పుస్తకంలో ఈ పాటలకు పెద్ద చోటే ఇచ్చారు. దక్కను పల్లెల్లో ఇస్లాం పాకింది ఉపన్యాసాలతో కాదు, ఇంటి పనితో కలిసిపోయిన ఇలాంటి పాటలతో, తల్లి నోటి నుంచి పిల్లల చెవికి అన్నది ఆయన వాదం. కత్తితో పాకిందనేవారికీ, ఒక్క మహిమతో పాకిందనేవారికీ ఈ జవాబు రుచించదు. నాకు మాత్రం ఇదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోనూ ఈ ధోరణి ఉంది. బందే నవాజ్ వంశీకుడిగా చెప్పే షా రాజూ ఖత్తాల్ ‘సుహాగన్‌నామా’ రాశారు. తెలుగువారికి ఆయన కంటే ఆయన శిష్యుడు బాగా తెలుసు: గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా. గద్దెనెక్కకముందు ఏళ్ల తరబడి ఆయన ఈ గురువు ఖాన్‌కాలోనే (సూఫీ ఆశ్రమంలోనే) గడిపాడు. ఆ తానీషా చెరసాలలోనే మన కంచర్ల గోపన్న రామనామం పట్టుకుని కూర్చున్నాడు. కొలువులో జిక్ర్, కొట్టులో రామజపం ఒకే కోటలో నడిచాయన్నమాట. 1687లో ఔరంగజేబు సేన ఆ కొలువును ఎత్తేసింది.

ఖాన్‌కాల్లో మగవాళ్ల సాధన తీరు వేరు. గొంతెత్తి చేసేది జిక్రె జలీ, లోలోపల చేసేది జిక్రె ఖఫీ. తల ఊపు, గుండె మీద దెబ్బలా పడే ఉచ్చారణ, ఊపిరి బిగింపు, అన్నిటికీ పద్ధతులున్నాయి. ఢిల్లీ షా కలీముల్లా ‘కష్కోల్’, ఆయన శిష్యుడు నిజాముద్దీన్ ఔరంగాబాదీ ‘నిజాముల్ ఖులూబ్’ వీటికి పాఠ్యగ్రంథాల్లాంటివి. మొదటి నిజాం అసఫ్ జాకు కుల్చాలు పెట్టి రాజ్యం దీవించారని కథలో వినపడేది ఈ ఔరంగాబాదీ పేరే. హైదరాబాద్ పాతబస్తీలో మౌన జిక్ర్‌కు పెద్దదిక్కు అబ్దుల్లా షా నక్ష్‌బందీ (1872–1964). ‘ముహద్దిసె దక్కన్’ అని పేరున్న పండితుడు. గొంతెత్తి గుంపుగా చేసే జిక్ర్‌ను తప్పుపట్టేవారు ముస్లింలలోనే ఉన్నారు. ఆ వాదం ఈనాటిది కాదు, ఇప్పట్లో తేలేదీ కాదు.

చేవెళ్ల ప్రాంతంలో జొన్నరొట్టె ఇంకా పోలేదు, పిండి మాత్రం గిర్నీలో పడుతుంది. మోటారు హోరులో పాట నిలవదు. చక్కీనామాల్లో రాతప్రతులుగా మిగిలినవి హైదరాబాద్ గ్రంథాలయాల్లో ఉన్నాయి. దక్ఖనీ రాతప్రతుల కోసం మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పెంచిన పంజాగుట్ట ఇదారా అదబియాతె ఉర్దూకు పోవాలి, లేదా సాలార్‌జంగ్ మ్యూజియంకు. తెలుగు తిరగలి పాటలను, దంపుళ్ల పాటలను ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు పరిశోధనాంశం చేసి కూడా ఆరు దశాబ్దాలు దాటింది. ఒకే ఇసుర్రాయి మీద, ఒకే జొన్నలు పోసి పాడిన ఈ రెండు భాషల పాటలనూ ఒక బల్ల మీద పెట్టి చదవడానికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థి ఒకరు చాలు.