గోథే సీలు వేసిన చీటీ

1797 జనవరి. వైమార్‌లో జర్మన్ కవి గోథే 'హెర్మన్, డొరొథియా' కావ్యం రాస్తున్నాడు. దాన్ని అచ్చువేయడానికి బెర్లిన్ ప్రచురణకర్త ఫీవెగ్ సిద్ధం. తేలాల్సింది ధర ఒక్కటే.

బేరంలో మనసులోని మాట ఎవరూ బయటపెట్టరు. గోథేకు ఇంకో చిక్కు కూడా ఉంది. పుస్తకాలు ఎన్ని అమ్ముడయ్యాయో ప్రచురణకర్తలకే ఎరుక. తన రాతకు బజారులో విలువెంతో రాసినవాడికే తెలియదు!

అందుకని ఆయన ఓ తమాషా షరతు పెట్టాడు. తనకు కావలసిన మొత్తం చీటీ మీద రాసి, సీలు వేసి, మధ్యవర్తి బ్యోటిగర్ చేతికిచ్చాడు. ఇక ఫీవెగ్ తన ధర చెప్పాలి. అది చీటీలోని అంకె కన్నా తక్కువైతే బేరం లేదు, చీటీ విప్పకుండానే వెనక్కి వస్తుంది. ఎక్కువైతే చీటీలో ఉన్నంత ఇస్తే చాలు.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఫీవెగ్ ఎంత చెప్పినా కట్టాల్సిన సొమ్ము మారదు. తగ్గించి చెబితే లాభసాటి బేరం చేజారవచ్చు, పెంచి చెబితే గిట్టని ధర నెత్తిన పడవచ్చు. కాబట్టి నిజం చెప్పడమే మేలు. గోథేకు కావలసిందీ ఆ నిజమే.

1961లో ఆర్థికవేత్త విలియం విక్రీ ఇలాంటి సూత్రాన్నే వేలానికి అన్వయించాడు. సీల్డ్ టెండర్లలో అందరికన్నా ఎక్కువ రాసినవాడికే సరుకు, కట్టేది మాత్రం రెండోవాడు రాసిన ధర. 1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశాడు. కావలసిన ఫలితాన్ని ముందే అనుకుని, దానికి తగ్గట్టు ఆట నియమాలు అల్లే ఈ విద్యకే 2007లో హర్విచ్, మాస్కిన్, మైయర్సన్‌లకు నోబెల్ వచ్చింది. దీనికీ ఓ హద్దుంది. కొనేవాడి విలువ, అమ్మేవాడి విలువ రెండూ రహస్యమైనప్పుడు, బయటి సొమ్ము కలపకుండా కుదరదగ్గ ప్రతి బేరాన్నీ కుదిర్చే పద్ధతి ఉండదని మైయర్సన్, శాటర్‌త్‌వైట్ 1983లో నిరూపించారు.

ఇంతకీ గోథే బేరం ఏమైంది? చీటీలో ఉన్నది 1000 థేలర్లు. ఫీవెగ్ చెప్పిందీ సరిగ్గా 1000! 200 ఫ్రీడ్రిష్ బంగారు నాణేలకు తగ్గవద్దని బ్యోటిగర్ అంతకుముందే ఫీవెగ్‌కు ఉత్తరం రాశాడు. మారకం కడితే అది 1000 థేలర్లే.

పుస్తకం ఆ ఏడాదే వచ్చింది. గోథేకు అడిగినంతా ముట్టింది. ఫీవెగ్ ఎంతదాకా వచ్చేవాడన్నది మాత్రం తెలియకుండానే పోయింది. కొనేవాడు నిజం ఎందుకు చెబుతాడో గోథే పక్కాగా లెక్కకట్టాడు. మధ్యవర్తి నోరెందుకు మూసుకుంటాడో లెక్కకట్టలేదు.