చేతిని కాచిన బ్రేకు, ఊపిరిని తాకిన ధూళి

పెద్ద ఆసుపత్రుల లాండ్రీలలోనో, వస్త్ర మిల్లులలోనో పనిచేసి పదవీ విరమణ పొందిన సభ్యులకు హైడ్రో ఎక్స్‌ట్రాక్టర్‌ను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఉతికిన తడిబట్టలను చిల్లుల బుట్టలో వేసి, గిరగిర తిప్పి నీరు పిండే యంత్రమిది. ఆ బుట్టను ఆపే బ్రేకు గురించి చరిత్ర పుస్తకాలలో పెద్దగా కనబడదు. ఆ బ్రేకు అరిగినప్పుడల్లా లైనింగు మార్చినవారి గురించి అసలే కనబడదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ యంత్రం 1830లలో ఫ్రాన్సులో పుట్టింది. పెంజోల్ట్ అనే ఆయన దీన్ని బట్టలు ఆరబెట్టడానికి రూపొందించాడు. 1850ల ఆరంభంలో డేవిడ్ వెస్టన్ హవాయి దీవులలో ఇదే సూత్రాన్ని చక్కెర తయారీకి వాడాడు. ఈనాటికీ చక్కెర ఫ్యాక్టరీలలో మడ్డిని వేరుచేసే సెంట్రిఫ్యూగల్ దీని తోబుట్టువే.

తిప్పడం తేలికే, ఆపడమే కష్టం. 1.2 మీటర్ల వ్యాసం గల బుట్ట నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంటే, దాని అంచు వేగం గంటకు సుమారు 170 కిలోమీటర్లు. ఆ అంచున కిలో బరువున్న బట్ట 370 కిలోలకు పైబడిన బలంతో గోడను ఒత్తుతుంది. కరెంటు ఆపినా ఆ బుట్ట వెంటనే ఆగదు. పని తొందరలో మూత తీసి చెయ్యి పెడితే, తిరుగుతున్న దుప్పటి మణికట్టుకు చుట్టుకొని చేతిని లాగేసుకుంటుంది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ తిరిగే బుట్టలను పేరుపెట్టి ప్రస్తావించి, వాటి వేగం సురక్షిత పరిమితి దాటరాదన్నది ఇందుకే.

ఆ ప్రమాదానికి అడ్డుగా నిలిచింది బ్రేకు. అయితే దానికి ఏ పదార్థం తొడగాలి? కొయ్యా, తోలూ వేడికి మాడిపోయేవి. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ నూలుగుడ్డకు జిగురు పట్టించి బ్రేకు దిమ్మలు చేశాడు. నూలు కూడా వేడికి తాళలేదు. 1908లో ఆయన కంపెనీ ఫెరోడో రాతినారతో, అంటే ఆస్‌బెస్టాస్‌తో, లైనింగు తెచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు బండ్లకూ యంత్రాలకూ అదే దిక్కయింది. లైనింగులో ముగ్గురాయి పొడి కూడా కలుపుతారు. ఈ రెండు ఖనిజాలూ మన కడప సీమలో దొరికేవే: పులివెందుల వైపు రాతినార, మంగంపేటలో ముగ్గురాయి.

లైనింగు మార్చే పద్ధతి మెకానిక్కులకు తెలిసిందే. మెయిను ఆపి, ఫ్యూజులు తీసి, బుట్ట పూర్తిగా ఆగాక పని మొదలుపెట్టాలి. రివెట్ల తలలు పైకి తేలేదాకా ఆగితే అవి డ్రమ్మును గీసేస్తాయి. పాత రివెట్లు కొట్టేసి, కొత్త లైనింగుకు రంధ్రాలు వేసి, రివెట్ల తలలు లోపలికి దిగేలా బిగించి, ఎత్తుపల్లాలు ఆకురాయితో సరిచేయాలి. నూనె చుక్క తగలరాదు. ఇదంతా మంచి పనితనమే. కాని డ్రమ్ములో చేరిన బూడిదరంగు ధూళిని గాలి గొట్టంతో ఊదేవారు, లేదా గుడ్డతో దులిపేవారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆ ధూళి చెడ్డదని తెలియక కాదు. 1898లోనే ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు లూసీ డీన్ రాతినార ధూళి హానికరమని రాసింది. 1930లో ప్రభుత్వ విచారణ నివేదిక వచ్చింది, మరుసటి ఏడు నిబంధనలు వచ్చాయి. అయితే ఆ నిబంధనలు రాతినార సరుకు తయారుచేసే ఫ్యాక్టరీల కోసం. ఎక్కడో లాండ్రీ మూల కూర్చొని బ్రేకు విప్పే మనిషి వాటి దృష్టిలో లేడు. చేతులు పోకుండా కాచిన వస్తువే, దాన్ని మార్చినవాడి ఊపిరితిత్తులలో చేరింది.

బ్రిటన్ 1999లో రాతినారను పూర్తిగా నిషేధించింది. మన దేశంలో సంపూర్ణ నిషేధం ఇంకా రాలేదు. 1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటినుండి 40 ఏళ్లు, లేదా విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఆ వ్యాధి 20, 30, 40 ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది కనుకనే అంత గడువు.

ఇప్పటి కొత్త యంత్రాలలో చాలావాటిని మోటారే నెమ్మదింపజేస్తుంది. బుట్ట ఆగేదాకా మూత తెరుచుకోదు. రాతినార లేని లైనింగులూ దొరుకుతున్నాయి. వాటివల్ల ఇప్పుడు పనిలో ఉన్నవారికి మేలు. మనకు మాత్రం ఒక పని మిగిలింది. ఆయాసాన్నీ, మానని దగ్గునూ వయసుమీద నెట్టేసి ఊరుకోవద్దు. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు “ఇన్నేళ్లు బ్రేకు లైనింగులు మార్చాను, ఆ ధూళి పీల్చాను” అని స్పష్టంగా చెప్పండి. పొగతాగే అలవాటుంటే మానండి, రాతినార పీల్చినవారికి దానివల్ల ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. సర్వీసు పుస్తకంలో ఈ వివరం ఉండకపోవచ్చు. కనుక ఎక్కడ, ఏ సంవత్సరాలలో ఆ పని చేశారో ఒక కాగితంమీద రాసి, పెన్షను కాగితాలతోపాటు ఇంట్లోవారికి తెలిసేచోట భద్రపరచండి.