ఖాళీ పట్టికతో ప్రశ్న

ఉన్నత పాఠశాలలో మార్కుల పుస్తకమొకటి, హాజరు పట్టీ యొకటి ఉండును. “గణితములో 60 మార్కులకు మించి వచ్చియు, హాజరు నూటికి 75 కంటె తక్కువగా నున్న విద్యార్థులెవరు?” అని ప్రధానోపాధ్యాయుడు అడిగినచో, గుమాస్తా ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని పేరుపేరునకు వ్రేలు జరుపుకొనుచు పోవలసినదే. ఇట్టి పుస్తకములను కంప్యూటరునందు అమర్చి, అడిగిన దానికి క్షణములో సమాధానము రాబట్టుటకు వీలుగా నుంచినచో దానినే డేటాబేసు అందురు. అయితే ఆ ప్రశ్నను ప్రధానోపాధ్యాయుడు స్వయముగా అడుగగలడా, లేక ప్రోగ్రామరు నొకనిని పిలిపింపవలసినదేనా? ఈ సందేహము చుట్టు అరువది యేండ్ల చరిత్ర కలదు.

1960 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందు చార్లెస్ బాక్‌మన్ నిర్మించిన డేటాబేసులో వివరములు గొలుసు కడియములవలె ఒకదానికొకటి తగిలించి యుండెడివి. కావలసిన దానిని చేరుటకు ఏ కడియమునుండి ఏ కడియమునకు పోవలెనో ప్రోగ్రాములో వ్రాయవలెను. 1973లో ట్యూరింగ్ బహుమతి నందుకొనుచు చేసిన ఉపన్యాసములో బాక్‌మన్ ప్రోగ్రామరును ఓడ నడపు నావికునితో పోల్చెను. పోలిక చక్కనిదే గాని, ఆ ఓడలో ప్రయాణికునకు చుక్కాని చేతికి దొరకదు.

1970లో కాలిఫోర్నియాలోని ఐ.బి.యం. పరిశోధనశాలలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ మరియొక మార్గము చూపెను. వివరములన్నియు సామాన్యమైన పట్టికలుగా నుండవలెను. అడుగువాడు ఏమి కావలెనో చెప్పవలెనేగాని, దారి వెదకుట యంత్రముపని. అయితే కాడ్ వాడిన భాష గణితపు గుర్తులతో నిండినది. అందుచే 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను నిరువురు సులభమైన ఇంగ్లీషు మాటలతో ‘సీక్వెల్’ అను ప్రశ్నభాషను కల్పించిరి. దీనిని ఎవరికొరకు ఉద్దేశించిరో వారు స్పష్టముగనే వ్రాసిరి: లెక్కలు వ్రాయువారు, ఇంజనీర్లు, భవన శిల్పులు, నగర నిర్మాణ ప్రణాళికలు వేయువారు. బాయిస్ ఆ యేడే అకాలమరణము చెందెను. సీక్వెల్ పేరు తరువాత ఎస్.క్యు.ఎల్. అయినది.

సరిగా 1975లో అదే సంస్థకు న్యూయార్క్ రాష్ట్రములో గల పరిశోధనశాలయందు మోషే జ్లూఫ్ అసలు భాషయే అక్కరలేదనెను. ఆయన పద్ధతిలో తెరపై ఖాళీ పట్టికలు కనబడును. అడుగువాడు గళ్లు నింపిన చాలును. మన ప్రధానోపాధ్యాయుడు మార్కుల పట్టికలో పేరు గడియందు ‘రాముడు’ అని వ్రాసి, క్రింద గీత గీసి, గణితము గడిలో ‘60 కంటె ఎక్కువ’ అను గుర్తు నుంచును. హాజరు పట్టికలోను పేరు గడియందు అదే రాముని వ్రాసి, హాజరు గడిలో ‘75 కంటె తక్కువ’ అను గుర్తు నుంచును. ఏది చూపవలెనో ఆ గడిలో ‘పి’ అను అక్షరము చేర్చును. రాముడను విద్యార్థి ఆ పాఠశాలలో నిజముగా ఉండనక్కరలేదు. క్రింద గీత గలదు గనుక ఆ పేరు ఉదాహరణ మాత్రమే; బీజగణితములోని అవ్యక్తరాశి వంటిది. రెండు పట్టికలలోను ఒకే రాముడు ఉన్నందున, రెండుచోట్లను పేరు ఒకటే కావలెనని యంత్రము గ్రహించును. పట్టికలను కలుపుట యను కష్టమైన పని అంతయు ఆ ఒక్క పేరుతో తీరిపోయినది. సమీకరణములు బోధించు ఉపాధ్యాయునకు ఇందలి సొగసు వేరుగా చెప్పనక్కరలేదు.

లోకమున నిలిచినది మాత్రము ఎస్.క్యు.ఎల్. 1986లో అది అమెరికాలో ప్రామాణిక భాష యయ్యెను. కాని దానిని నేర్చినవారు లెక్కల గుమాస్తాలు కారు, ప్రోగ్రామర్లే. జ్లూఫ్ గళ్లు 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి కార్యాలయపు సాధనములలో కొంత మారిన రూపమున బ్రతికినవి.

ఇంతలో ఉచితముగా లభించు డేటాబేసులు వచ్చెను. 1995లో మై ఎస్.క్యు.ఎల్. వెలువడెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్, 1996లో పోస్ట్‌గ్రెస్ ఎస్.క్యు.ఎల్. అను పేరు దాల్చెను. వీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. వెల అడ్డు తొలగినది. వాకిలి మాత్రము ఇరుకుగనే యుండెను. తెరపై మిణుకుమను గీత యొకటి ఆజ్ఞకొరకు వేచియుండును, అంతే. 1998లో టోబియాస్ రాట్‌షిల్లర్ ‘పి.హెచ్.పి. మై ఆడ్మిన్’ అను సాధనమును ప్రారంభించి, మై ఎస్.క్యు.ఎల్.ను వెబ్ పుటలోనే చూచుకొను వీలు కల్పించెను. అది ఎంతో ఉపకరించినది. కాని అది యంత్రపు లోపలి భాగములనన్నిటిని విప్పి చూపును. పట్టికను చూచు మీట చెంతనే పట్టికను నిర్మూలించు మీటయు నుండును. భాష తెలిసినవానికి అది శ్రమ తగ్గించును. తెలియనివానికి భయము పుట్టించును. చిత్రమేమనగా, జ్లూఫ్ గళ్ల పద్ధతి పేరు పెట్టుకొన్న పుట యొకటి దానిలోను చేరినది.

వేరొక దారి వార్తాపత్రిక కార్యాలయమునుండి వచ్చెను. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున లారెన్సు పట్టణపు పత్రికలో 2003లో ఏడ్రియన్ హోలొవాటి, సైమన్ విల్లిసన్ అను ప్రోగ్రామర్లు పనిచేయుచుండిరి. వార్తలు, ఆటల వివరములు చేర్చవలసినవారు విలేఖరులు. వారికి ప్రోగ్రాములు తెలియవు, గడువు గంటలలో నుండును. ప్రతి పట్టికకును ఒక్కొక్క పుట చేతితో కట్టుచు కూర్చున్న పని సాగదు. అందుచే పట్టికలో ఏమేమి ఉండునో ప్రోగ్రామరు ఒకసారి వర్ణించిన చాలును, నింపుటకు, దిద్దుటకు, వెదకుటకు కావలసిన పుటలు వానంతట అవియే ఏర్పడునట్లు చేసిరి. 2005 జూలైలో దీనిని ‘జాంగో’ అను పేర మూలపాఠముతో సహా లోకమునకు విడుదల చేసిరి. ఇట్టి పుటలో ఉపాధ్యాయుడు ఎవరి సహాయము లేకయే మార్కులు ఎక్కించగలడు, పేరు వెదకగలడు. మార్కులను, హాజరును కలిపి అడుగు ప్రశ్న మాత్రము ప్రోగ్రామరు ముందే అమర్చిన వడపోతలలో లేకున్నచో, అతనికి మరల కబురు పంపవలసినదే.